ఉప్పల్ దారి శాస్త్రవేత్తల చరిత్ర రాసేదెవరు?

హైదరాబాద్‌లో మెట్రో రైలు తార్నాక, హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు వస్తుంటే ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ తగులుతుంది. 1961లో ఏర్పాటైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడే ఉంది. దానికి దగ్గర్లోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ. హబ్సిగూడ నుంచి ఇంకో దారిలో వెళ్తే నాచారం పారిశ్రామికవాడ, అందులో మందుల కంపెనీలు. ఈ దారుల్లో జీవితమంతా పరిశోధనకే ఇచ్చినవారి కథలు ఎక్కడ భద్రంగా ఉన్నాయి?

శాస్త్రవేత్తల జీవితాలకు ప్రపంచం నమ్మే ఆకర గ్రంథం ‘డిక్షనరీ ఆఫ్ సైంటిఫిక్ బయోగ్రఫీ’. చార్లెస్ గిలిస్పీ సంపాదకత్వంలో 1970లో మొదలై, 1980కల్లా సూచికతో కలిపి 16 సంపుటాలైంది. బతికున్నవారికి అందులో చోటు లేదు. ఆ తర్వాత పోయినవారిని చేర్చి, పాత వ్యాసాలను కొత్త పరిశోధనలతో సరిదిద్ది, నొరెట్టా కోర్ట్‌గె సంపాదకత్వంలో 2008లో మరో 8 సంపుటాలు తెచ్చారు.

సీసీఎంబీని నిలబెట్టిన పుష్ప మిత్ర భార్గవ, డీఎన్ఏ వేలిముద్రలకు మన దేశంలో బాటవేసిన లాల్జీ సింగ్ 2017లో కన్నుమూశారు. అందుకే ఆ సంపుటాల్లో వారికి చోటు దక్కే వీల్లేకపోయింది.

భార్గవ సంగతే చూడండి. 1986లో పద్మభూషణ్ అందుకున్నారు. దేశంలో అసహనం పెరుగుతోందని నిరసిస్తూ 2015లో దాన్ని వెనక్కి ఇచ్చేస్తానని ప్రకటించారు. మొదటి సంగతి దగ్గరే ఆగిపోయిన వ్యాసం ఆయన్ను సగమే చెబుతుంది.

లాల్జీ సింగ్ పసుపు, నలుపు పట్టీల కట్లపాములో ఆడ, మగ తేడా ఎక్కడుందో వెతికారు. ఆ పాము డీఎన్ఏలో దొరికిన భాగమే మనుషులను గుర్తించే ఆయన పద్ధతికి ఆధారమైంది, ఆ పద్ధతి కోర్టుల్లో సాక్ష్యంగా నిలిచింది. పాము దగ్గర మొదలైన పని న్యాయస్థానం దాకా ఎలా నడిచిందో చదువులు, పదవుల జాబితా చూస్తే తెలియదు. ప్రయోగశాల నోటు పుస్తకాలు, ఉత్తరాలు, తోటివారి మాటలు కావాలి.

ఇలా ఆకర గ్రంథాలు కూర్చే పనికి తెలుగువారు కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ పూర్తికాకుండానే 1923లో మరణిస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు ఆ భారం తలకెత్తుకున్నారు.

ఇప్పుడు మన వంతు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో రిటైరైన శాస్త్రవేత్త గానీ, ల్యాబ్ సహాయకుడు గానీ ఉంటే వారి కాగితాలు తూకానికి వేయనివ్వకండి. కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి, గ్రంథాలయానికి చేర్చండి. రేపటి సంపుటం రాసేవారికి అవే ఆధారం.