డీఎన్‌ఏ నకలు ఆగితే కణం ఏం చేస్తుంది? సికిల్‌సెల్ మందు వెనుక కాపలా వ్యవస్థ

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా చింతలనార్ వంటి గ్రామాలున్న మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో వంశపారంపర్యంగా వచ్చే సికిల్‌సెల్ వ్యాధి ఒక ప్రధాన ఆరోగ్య సమస్య. దీనికి విస్తృతంగా వాడే ఔషధం హైడ్రాక్సీయూరియా. ఈ మందు కణాల్లో డీఎన్‌ఏ నకలు తయారీని మందగింపజేస్తుంది. మందుతో పాటు రక్తపరీక్షలూ ఎందుకు తప్పనిసరో దీన్నిబట్టే అర్థమవుతుంది.

నకలు ఎలా ఆగుతుంది?

మానవ కణం విభజన చెందే ముందు దాదాపు 600 కోట్ల క్షార జంటలకు నకలు తీయాలి. ఇది జరిగే కాలాన్ని ఎస్ దశ అంటారు. డీఎన్‌ఏ రెండు పోగులుగా విడిపోయే చోటును ప్రతికృతి పంగ అంటారు. హైడ్రాక్సీయూరియా రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడంతో నకలుకు కావలసిన ముడిసరుకు కొరవడుతుంది. పోగులను విడదీసే హెలికేజ్ ముందుకు సాగుతుంది. కొత్త పోగును అల్లే పాలిమరేజ్ మాత్రం వెనకబడుతుంది. మధ్యలో ఒంటిపోగు డీఎన్‌ఏ బయటపడుతుంది.

తనిఖీ కేంద్రం స్పందన

బయటపడిన ఒంటిపోగును ఆర్‌పీఏ అనే ప్రోటీన్ కప్పుతుంది. కణానికి అదే ప్రమాద సూచిక. ఏటీఆర్ ఎంజైము అక్కడికి చేరి సీహెచ్‌కే1ను ఉత్తేజపరుస్తుంది. సీహెచ్‌కే1 విభజనకు పచ్చజెండా ఊపే సీడీసీ25ను నిలువరిస్తుంది. ఫలితంగా కణ విభజన ఆగుతుంది, కొత్తచోట్ల నకలు మొదలు కాదు, ఆగిన పంగలు తెగిపోకుండా నిలుస్తాయి. ఆటంకం తొలగితే పని మళ్లీ సాగుతుంది. తొలగకపోతే కణం మరణించవచ్చు.

దెబ్బతిన్న డీఎన్‌ఏతో విభజన జరగకుండా ఈస్ట్ కణాల్లో ఆర్‌ఏడీ9 జన్యువు కాపలా కాస్తుందని టెడ్ వైనర్ట్, లీలాండ్ హార్ట్‌వెల్ 1988లో వెల్లడించారు. కణచక్ర పరిశోధనలకు హార్ట్‌వెల్ 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. అంతకు చాలా ముందే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌ను 1947-48లో రక్త క్యాన్సర్ సోకిన పిల్లలపై ప్రయోగించారు. అది ఫోలేట్‌ను అడ్డుకొని, డీఎన్‌ఏకు అవసరమైన థైమిడిన్ కొరతను సృష్టిస్తుంది.

మోతాదే కీలకం

సికిల్‌సెల్ రోగుల్లో హైడ్రాక్సీయూరియా గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. ఇది ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారడాన్ని తగ్గిస్తుంది. అమెరికా 1998లో దీనికి అనుమతినిచ్చింది. అయితే వేగంగా విభజన చెందే ఎముక మజ్జ కణాలపైనా ఈ మందు ప్రభావం ఉంటుంది. మోతాదు మించితే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే నిర్ణీత కాలానికోసారి రక్తకణాల లెక్క చూడాలి.

కేంద్రం 2023 జులై 1న జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ను మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు జరపడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దీని లక్ష్యం. దూరప్రాంత గ్రామాలకు మాత్ర చేరడం సగం పని మాత్రమే. రక్తపరీక్ష కూడా చేరినప్పుడే ఆ మాత్ర సురక్షితమవుతుంది.