ఇంట్లో మాట్లాడే భాష

దుబాయ్‌లో ఉంటున్న నా స్నేహితురాలు మూడేళ్ళ కూతురి కోసం బడి వెతుకుతోంది. రెండు నెలలుగా మా వాట్సాప్ నిండా బ్రోషర్లే. ఒకటి బ్రిటిష్ పద్ధతి, అక్కడ మొదటి తరగతిని ఎఫ్ఎస్ 1 అంటారు. ఇంకొకటి ఐబీ వాళ్ళ పీవైపీ. మూడోది మన సీబీఎస్ఈ బడి, కేజీ 1. ఇవి చాలవన్నట్టు మధ్యలో ఒకరు మాంటిస్సోరి అంటారు, ఇంకొకరు రెజ్జో ఎమీలియా అంటారు. ఫీజుల పట్టిక, బస్సు రూటు, ఇసుక తొట్టి ఫొటో అన్నీ చూసేసింది. తీరా దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయింది. ఆ గడిలో నింపాల్సింది, ఇంట్లో మాట్లాడే భాష.

"తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీషు రాదనుకుంటారేమోనే. ఇంగ్లీషు అని రాసేయనా?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ గడిలో ఏం రాయాలన్న భయం ఎప్పటిదో వెతుక్కుంటూ పోతే నూట యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునే తల్లిదండ్రుల బెంగ కొత్తదేమీ కాదు. ఒకప్పుడు ఆ బెంగ మన దేశంలో ఉన్న తెల్లవాళ్ళది. రడ్యార్డ్ కిప్లింగ్ 1865 డిసెంబరులో బొంబాయిలో పుట్టాడు. తండ్రి అక్కడి ఆర్ట్ స్కూల్లో పనిచేసేవాడు. పిల్లవాడు ఆయా చేతుల్లో, నౌకర్ల కబుర్లలో పెరిగాడు. ముందుగా పట్టుబడ్డ భాష హిందుస్తానీ. అమ్మానాన్నల దగ్గరికి పంపేటప్పుడు ఇంగ్లీషులో మాట్లాడాలని నౌకర్లు గుర్తుచేసి మరీ పంపేవారని పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1871లో, ఇంకా ఆరేళ్ళు నిండకుండానే, అతన్నీ మూడేళ్ళ చెల్లెల్నీ ఇంగ్లండులోని సౌత్‌సీలో, డబ్బు తీసుకుని పిల్లల్ని పెంచే ఒక ఇంట్లో వదిలేసి తల్లిదండ్రులు తిరిగి ఓడెక్కారు. వెళ్ళిపోతున్నామని పిల్లలకి చెప్పలేదు. మళ్ళీ తల్లి వచ్చి తీసుకెళ్ళింది 1877లో. ఆ ఇంట్లో పడ్డ బాధని అతను 1888లో ఒక కథగా రాశాడు, ముసలితనంలో ఆత్మకథలోనూ రాశాడు. అంటే ఆ గాయం అరవై ఏళ్ళ పాటు మానలేదన్నమాట.

ఎందుకలా పంపేవారు? ఎండలు, కలరా, జ్వరాలు నిజమైన కారణాలే. కానీ ఇంకో భయం కూడా ఉండేది. ఇక్కడే పెరిగితే పిల్లల యాస చెడుతుందని. ఇక్కడి ఇంగ్లీషు యాసకి వాళ్ళు 'చీ-చీ' అని ఒక వెక్కిరింత పేరు కూడా పెట్టుకున్నారు. ఆ యాస అంటితే రేపు ఇంగ్లండులో తమ పిల్లల్ని తమవాళ్ళుగా చూడరన్నది దిగులు. డబ్బున్నవాళ్ళు ఓడెక్కించేవారు, అంత లేనివాళ్ళు కొండల మీద బళ్ళలో వేసేవారు.

అలాంటి కొండబడి ఒకటి మనకి దగ్గర్లోనే ఉంది. అమెరికన్ మిషనరీలు 1901లో కొడైకెనాల్‌లో హైక్లర్క్ పేరుతో ఒక బడి తెరిచారు. తెలుగు జిల్లాల్లో పనిచేసిన మిషనరీ కుటుంబాల పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు. సముద్రాలు దాటించకుండా పిల్లల్ని అదే దేశంలో ఉంచుకోవచ్చు, ఏడాదికి కొన్ని నెలలైనా చూసుకోవచ్చు. కిప్లింగ్ కథతో పోలిస్తే ఎంతో నయం. కానీ అక్కడ కూడా చదువు 'మన దేశం' కోసమే, అంటే అమెరికా కోసమే. చుట్టూ ఉన్న భాషకి తరగతి గదిలో పెద్దగా చోటు లేదు.

ఈ ఆలోచన మారడానికి ఒక యుద్ధం జరగాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో కొలువుదీరాయి. ఎన్నో దేశాల ఉద్యోగులు పిల్లాపాపలతో దిగారు. వాళ్ళ పిల్లల కోసం 1924లో అక్కడ ఇంటర్నేషనల్ స్కూల్ మొదలైంది. మొదట్లో పిల్లలు పదిమంది కూడా లేరు. విద్యావేత్త అడాల్ఫ్ ఫెరియేర్ వంటి వాళ్ళు దాని వెనక ఉన్నారు. ఇంగ్లీషూ, ఫ్రెంచీ రెండూ బడి భాషలే. ఏ ఒక్క దేశానికో పిల్లల్ని తయారుచేయకూడదన్నది ఉద్దేశం. అదే ఏడాది జపాన్‌లోని యోకొహామాలో కూడా అక్కడి విదేశీ కుటుంబాలు ఇలాంటి బడే పెట్టుకున్నాయి. ఇంటర్నేషనల్ అనే మాట బడి పేరులోకి ఇలా వచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో సందుకొక బడి బోర్డు మీద కనిపించే ఆ మాటకి ఇంత బరువుందని ఎవరికి గుర్తు?

అయితే ఒక తమాషా ఉంది. ఆ జెనీవాలోనే 1968లో ఇంటర్నేషనల్ బ్యాకలోరియెట్, అంటే ఐబీ, పుట్టింది. అది యూనివర్సిటీలో సీటు కోసం ఇచ్చే డిప్లొమా. దేశాలు మారే పిల్లల అవస్థల్లో అందరికీ ముందు కనిపించింది అదే మరి. 1976లో కొడైకెనాల్ బడి కూడా ఆ డిప్లొమా తీసుకుంది, మన దేశంలో అదే మొదటి ఐబీ బడి. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం పీవైపీ వచ్చింది మాత్రం 1997లో. అంటే పైకప్పు ముందు వేసి, పునాది ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత తవ్వారు. చిన్నపిల్లల్ని ఆఖర్న తలుచుకోవడం పెద్దవాళ్ళకి అలవాటే.

మరి ఇన్నేళ్ళూ చిన్నపిల్లల గురించి ఆలోచించిందెవరు? ఇక్కడే బ్రోషర్లు చెప్పని సంగతి ఒకటుంది. మరియా మాంటిస్సోరి 1907లో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో. అమ్మానాన్నలు కూలికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లల కోసం. రెజ్జో ఎమీలియా పద్ధతి మొలకెత్తింది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో. ఇటలీలో ఆ ఊరి పక్క పల్లె జనం, జర్మన్ సైన్యం వదిలేసి పోయిన ట్యాంకునీ లారీలనీ గుర్రాలనీ అమ్మిన డబ్బుతో తమ పిల్లలకి తామే ఇటుకలు పేర్చి బడి కట్టుకున్నారు. లోరిస్ మలగుజ్జి అనే యువ ఉపాధ్యాయుడు అది చూడ్డానికి సైకిలెక్కి వెళ్ళి, ఇక అదే జీవితంగా మిగిలిపోయాడు. ఇవాళ విదేశీ ఉద్యోగుల పిల్లలకి లక్షలు పోసి కొనే పద్ధతులు ఇవే. పద్ధతిది తప్పు కాదు. కానీ అది చెక్క బొమ్మల్లోనో, లేత రంగు గోడల్లోనో ఉందనుకుంటే మాత్రం మోసపోతాం.

మాంటిస్సోరికి మనతో ఉన్న బంధం ఇంకా దగ్గరిది. 1939లో ఆవిడ దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మద్రాసు అడయారుకి వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశ పౌరురాలైపోయింది, కొడుకు మారియోని బ్రిటిష్‌వాళ్ళు కొంతకాలం నిర్బంధించారు. యుద్ధమంతా ఆవిడ ఈ దేశంలోనే గడిపింది, అందులో కొన్నేళ్ళు ఆ కొడైకెనాల్‌లోనే. ఇటాలియన్‌లో ఆవిడ చెబుతుంటే మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. తనే పరాయి దేశంలో, పరాయి భాషల మధ్య ఉంటూ, ఆరేళ్ళలోపు పిల్లల మనసు చుట్టూ ఉన్న భాషని ఎవరూ నేర్పకుండానే ఎలా పీల్చుకుంటుందో ఉపన్యాసాల్లో చెప్పింది. ఆ ఉపన్యాసాల పుస్తకం 1949లో మద్రాసులోనే అచ్చయింది. 1953లో యునెస్కో నివేదిక కూడా చదువు మాతృభాషలో మొదలవడమే మేలని తేల్చింది.

ఇంతా చదివాక నా స్నేహితురాలి గడి నాకు వేరేగా కనిపించింది. ఆనాటి దొరల భయమే ఇవాళ మన ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది, కాస్త దిక్కు మార్చుకుని. వాళ్ళు పిల్లల్ని ఆయా భాషకి దూరంగా పంపేశారు. మనం పిల్లల్ని దగ్గరే ఉంచుకుని భాషని పంపించేస్తున్నాం.

అందుకే ఆమెకి ఫోన్ చేసి, పేర్లు పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు అడగమన్నాను. ఇంకో మూడేళ్ళకి మీరెక్కడుంటారు? హైదరాబాద్ వచ్చేసేలా ఉంటే భారతీయ బడి లెక్క వేరు. అక్కడ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, చదవడం రాయడం తొందరగా పట్టుకుంటారు. ఇంకో దేశానికి పోయేలా ఉంటే, ఆటల మీద నడిచే బ్రిటిష్ పద్ధతో పీవైపీయో మారడానికి సులువు. తనిఖీ నివేదికలు చూడు, దుబాయ్‌లో ప్రైవేటు బళ్ళని తనిఖీ చేసి అందరూ చదివేలా పెట్టారు. ఏడాదికి ఎంతమంది టీచర్లు మానేస్తారో అడుగు. అన్నిటికంటే ముందు, ఇంగ్లీషు రాని పిల్ల ఏడిస్తే ఏం చేస్తారో అడుగు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు నోరు విప్పకుండా వింటూ ఉండటం మామూలే. దాన్ని మందబుద్ధి అనుకునే బడి మనకొద్దు.

"మరి గడిలో?" అంది.

"తెలుగే రాయి. అది పిల్లకి పెట్టే పరీక్ష కాదు. దానికి దాహమేస్తే ఏమని అడుగుతుందో టీచరుకి తెలియాలిగా."

మూడు బళ్ళకీ తెలుగు అనే రాసి పంపింది. రెండు బళ్ళు ఫీజు గడువు చెబుతూ మెయిల్ పెట్టాయి. మూడో బడి టీచరు ఫోన్ చేసి, పాప రోజూ వాడే మాటలు ఒక పది ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వమంది. స్నేహితురాలు ఆ జాబితా నాకూ పంపింది. మంచినీళ్ళు, ఆకలి, నొప్పి, వద్దు, ఎత్తుకో, అమ్మేది...

ఇసుక తొట్టి చిన్నదేనట ఆ బళ్ళో. అయినా అక్కడే చేర్పించింది.