మంచము దిగిన వృద్ధులు

మన గ్రామములలో ఎవరైనను డెబ్బది ఏండ్లు దాటి మంచము పట్టినయెడల, చూడవచ్చినవారు తరచుగా పలుకు మాట ఒకటి కలదు: "వయస్సు మీరినది, ఇక ఏమి చేయగలము?" ఈ మాటలో ద్వేషము లేదు, జాలియే యున్నది. అయినను లేవదగిన వృద్ధులు ఎందరో ఈ ఒక్క మాట వలననే లేవకపోయిరి. ఈ మాటను నమ్మక, ఒక్కొక్క మంచము నొద్దకు వెళ్లి, అందున్న వ్యక్తిని పరీక్షించిన ఒక వైద్యురాలి చరిత్రను ఈ నెల మన చదువరుల యెదుట ఉంచుచున్నాము. ఆమె ఇంగ్లండు దేశస్థురాలైన డాక్టరు మార్జొరీ వారెన్. ఆమె చేసిన పని యొక్క విలువ తెలియవలెనన్న, ముందుగా ఆ దేశములో పేద వృద్ధుల గతి ఎట్లుండెనో కొంత తెలిసికొనవలెను.

ఎలిజబెత్ రాణి కాలమున, 1601వ సంవత్సరములో, ఇంగ్లండులో పేదలను గూర్చి ఒక చట్టము పుట్టెను. దాని ప్రకారము ప్రతి పారిష్, అనగా ఒక్కొక్క గుడి పరిధిలోని ప్రజలు, తమలోని పేదలను, పనిచేయలేని ముదుసలులను తామే పోషింపవలసియుండెను. ఇందుకై ఆస్తిగలవారి యొద్ద పన్ను వసూలు చేయుచుండిరి. ఈ సహాయము గొప్పది కాదుగాని, అనేక వృద్ధులు తమ గుడిసెలోనే, తమ యిరుగుపొరుగు నడుమనే ఉండి దానిని పొందుచుండిరి.

తరువాత పేదల ఖర్చు పెరిగినదని పన్ను కట్టువారు సణుగసాగిరి. 1834లో చట్టము మారెను. సహాయము కావలసినవాడు 'వర్క్‌హౌస్' అనబడు పనియింటిలో చేరవలెనని నియమము వచ్చెను. బయట కష్టపడు కూలివాని బ్రతుకుకంటె పనియింటిలోని బ్రతుకు హీనముగా నుండవలెను. అప్పుడే సోమరులు అందు చేరరని పెద్దల ఆలోచన. సోమరికై పన్నిన ఈ వలలో నడుము వంగిన ముసలివారును చిక్కుకొనిరి. పురుషుల గది వేరు, స్త్రీల గది వేరు. నలువది ఏండ్లు కాపురము చేసిన దంపతులును గడప దాటగానే విడిపోవలసివచ్చెను. అరువది దాటిన దంపతులను బలవంతముగా వేరుచేయరాదని 1847లో మరియొక చట్టము చేయవలసివచ్చెననగా, ఆ విధానము ఎంత కఠినమైనదో ఊహింపవచ్చును.

ఆ చీకటిలో దీపము పట్టినవారు లేకపోలేదు. ఆగ్నెస్ జోన్స్ అను దైవభక్తిగల యువతి ఫ్లారెన్సు నైటింగేలు ఏర్పరచిన శిక్షణశాలలో నర్సు పని నేర్చి, 1865లో కొందరు నర్సులను వెంటబెట్టుకొని లివర్‌పూలు పనియింటి ఆసుపత్రిలో ప్రవేశించెను. అంతకుముందు అక్కడ రోగులను చూచుచుండినవారు చదువు, శిక్షణ లేని తోటి పేదలే. ఆమె మూడేండ్లయినను నిండకముందే, 1868లో, టైఫస్ జ్వరము సోకి మరణించెను. అప్పటికి ఆమెకు 35 ఏండ్లు. శిక్షణ పొందిన నర్సు ధనవంతునికే కాదు, పేద రోగికిని అవసరమని దేశమునకు చూపి ఆమె కన్నుమూసెను.

1908లో వృద్ధాప్య పింఛను చట్టము వచ్చెను. 70 ఏండ్లు నిండిన పేదలకు 1909 జనవరి నుండి వారమునకు 5 షిల్లింగుల వరకు ఇయ్యసాగిరి. తలదాచుకొన ఇల్లు, కాళ్లలో కొంత బలము గలవారు దీనివలన పనియింటి గడప తొక్కకుండ బ్రతికిరి. కాని మంచము పట్టి, చూచు దిక్కులేనివారికి పింఛను ఏమి చేయగలదు? వారు మునుపటివలెనే ఆ పెద్ద గదులకు చేరుచుండిరి.

మార్జొరీ వారెన్ 1897లో జన్మించెను. వైద్యవిద్య ముగించి, 1926లో లండనుకు పడమటనున్న ఐజిల్‌వర్త్‌లోని ఆసుపత్రిలో చేరెను. అదియే తరువాత వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి ఆయెను. మొదట ఆమెకు శస్త్రచికిత్స యందు ఆసక్తి. 1935లో ఆ ఆసుపత్రి ప్రక్కనే యున్న పాత పనియింటి రోగుల విభాగమును కూడ తనలో కలుపుకొనెను. దానితో 714 మంది రోగుల భారము ఆమెపై పడెను. ఆ కాలమున వైద్యులు ఎవరును కోరి చేపట్టు పని కాదది.

ఆమె అక్కడ ఏమి చూచెను? పక్షవాతము వచ్చినవారు, ఎముక విరిగినవారు, మతి తప్పినవారు, కేవలము ఇల్లు లేనివారు, అందరును ఒకే వరుసలో పడుకొనియుండిరి. కొందరు ఏండ్ల తరబడి నేలపై కాలు మోపలేదు. అనేకుల రోగమేమో ఎవరును నిర్ణయింపలేదు. 'దీర్ఘరోగి' అని వ్రాసినచో పని ముగిసినట్లే. దుప్పటి శుభ్రము, భోజనము వేళకు. అంతటితో సేవ సంపూర్ణమని తలంచిరి.

డాక్టరమ్మగారు మొదట చేసిన పని మిక్కిలి సామాన్యమైనది. ఆమె ప్రతి రోగిని పరీక్షించెను. పరీక్షించి, వారిని ఐదు తెగలుగా విభజించెను: లేచి తిరుగగలవారు, మంచముననే యుండినను మలమూత్రములు వశమందున్నవారు, అవి వశములో లేనివారు, మతిమరుపుతో నెమ్మదిగా నుండువారు, మతి చెదరి ఇతరులను బాధించునంతటి స్థితిలో వేరుగా ఉంచవలసినవారు. ఎవరి అవసరము ఏదియో తెలిసిన పిమ్మట ఎవరికి తగిన చికిత్స వారికి చేయుట సాధ్యమాయెను.

పిదప గదుల రూపు మార్చెను. మాసిన గోడలకు లేతరంగు వేయించెను, వెలుతురు పెంచెను, ప్రతివానికి తన వస్తువులు దాచుకొనుటకు చిన్న అలమార ఇప్పించెను, రేడియో వినుటకు చెవి గొట్టములు అమర్పించెను. ఇవి చికిత్సయా అని ఎవరైన అడుగవచ్చును. రేపటిని గూర్చి ఆశ లేనివాడు నేడు మంచము దిగుటకు ఎందుకు ప్రయాసపడును? అటుపిమ్మట వ్యాయామము నేర్పువారితోను, నర్సులతోను కలిసి వృద్ధులను మొదట కూర్చుండబెట్టి, తరువాత నిలువబెట్టి, తుదకు నడిపించెను. పక్షవాతము వచ్చినవారు, కాలు తీసివేయబడినవారు కూడ తమ బట్టలు తాము కట్టుకొనుట, తమ అన్నము తాము తినుట మరల నేర్చుకొనిరి. ఎందరో తమ యిండ్లకు గాని, వృద్ధుల ఆశ్రమములకు గాని వెళ్లగలిగిరి. 714 మంది రోగులుండిన ఆ విభాగమునకు కాలక్రమమున సుమారు 240 మంచములు చాలెను.

ఇందులోని మర్మమేమి? మంచమే వారిని మంచము పట్టించినది. మనిషి కదలక పడుకొనిన కొలది కండలు క్షీణించును, కీళ్లు బిగుసుకొనును, ఎముకలలోని సున్నము తరిగిపోవును, వీపున పుండ్లు పడును, మలబద్ధము కలుగును, కాళ్ల నరములలో నెత్తురు గడ్డకట్టును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. చూచువారు ఇది ముసలితనమనుకొందురు. నిజమునకు అందులో అధిక భాగము పడకవలన వచ్చినది. 1947లో రిచర్డ్ ఆషర్ అను లండను వైద్యుడు, మంచములో పడియుండుటవలన కలుగు అపాయములను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసి ఈ సంగతినే తోటి వైద్యులకు హెచ్చరికగా చెప్పెను.

వారెన్ తన అనుభవమును 1943లోను, 1946లోను వైద్య పత్రికలలో ప్రకటించెను. వృద్ధులను మూలనున్న వేరు భవనములకు త్రోయక, పెద్ద ఆసుపత్రులలోనే వారికి విభాగములు ఉండవలెననియు, వైద్య విద్యార్థులకు ఆ విభాగములలో పాఠము చెప్పవలెననియు వాదించెను. 1947లో వృద్ధుల చికిత్సకై వైద్యులు ఒక సంఘమును స్థాపించినప్పుడు ఆమెయును వారిలో ఉండెను. 1948లో ఆ దేశమున జాతీయ వైద్య సేవ ప్రారంభమాయెను; పాత పేదల చట్టమును ఆ యేటనే తీసివేసిరి. 1960లో పరదేశములో జరుగు సభకు వెళ్లుచు మార్గమధ్యమున మోటారు ప్రమాదములో ఆమె మరణించెను.

ఈ వెలుగు మన దేశమునకును వచ్చెను. 1978లో మద్రాసు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో డాక్టరు వి. ఎస్. నటరాజన్ గారు వృద్ధులకు ప్రత్యేక వైద్య విభాగమును ప్రారంభించిరి. 1995 నుండి కేంద్ర ప్రభుత్వము పేద వృద్ధులకు పింఛను పథకము నడుపుచున్నది. పోషింపని బిడ్డలపై తల్లిదండ్రులు అర్జీ పెట్టుకొనుటకు 2007లో చట్టము కలిగెను. 2011 జనాభా లెక్కలలో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా తేలిరి. అయితే పింఛను చేతికి రూకలిచ్చును, చట్టము అన్నము పెట్టించును. వసారాలో నులకమంచము మీదనున్న అవ్వను చేయిపట్టి లేపుట మాత్రము ఇంటివారి పనియే.

ప్రియ చదువరులారా, మన పల్లెలలో నేడు బిడ్డలు పట్టణములకు, దూరదేశములకు పోయి, ముసలివారు ఒంటరిగా మిగిలిన ఇండ్లు ఎన్నియో కలవు. మన సంఘములు ఇందు చేయగల పని గొప్ప ధనముతో కూడినది కాదు. తాత తడుముకొనుచు నడచుచున్నాడా? కంటిలో శుక్లము కావచ్చును; చిన్న శస్త్రచికిత్సతో చూపు తిరిగి వచ్చును. పిలిచిన పలుకడా? చెవిలో గుబిలి యేమో చూపింపుడు. నాయనమ్మ అన్నము మానినదా? పండ్ల నొప్పియో, నోటి పుండో, మనోవేదనయో విచారింపుడు. నిన్నటివరకు తెలివిగా నుండిన పెద్దాయన నేడు కలవరించుచున్నాడా? జ్వరమో, మందుల తారుమారో, మూత్ర రోగమో యుండవచ్చును. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, ఒక్క గడియ ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. పడి తుంటి విరిగినవారిని ఇంటనే పడవేయరాదు, ముందుగా బలవంతముగా నడిపింపనురాదు. వైద్యునికి చూపి, ఆయన చెప్పిన దినము నుండి లేపవలెను.

మిగిలినవారిని ప్రతిదినము మంచము దింపుడు. అరుగు మీద కూర్చుండబెట్టుడు. చేతికి ఊతకఱ్ఱ, స్నానపు గదిలో పట్టుకొనుటకు ఒక కమ్మి, రాత్రి ఒక చిన్న దీపము ఏర్పాటు చేయుడు. చేయగల పనిని చేయనియ్యుడు. చిక్కుళ్లు ఒలుచుటయైనను, మనుమనికి కథ చెప్పుటయైనను సరే. ప్రేమతో అన్నియు మనమే చేసిపెట్టినచో, ఆ ప్రేమయే వారి చేతులను కట్టివేయును. ఆదివారము గుడికి రాలేని వృద్ధులను చూడబోవువారు ప్రార్థన చేసి వెంటనే లేచిపోక, కన్ను, చెవి, కాలు, మందు వీటిని గూర్చి నాలుగు మాటలు అడుగవలెను.

అందరు వృద్ధులును లేచి నడువలేరు. వారెన్ యొద్దను అందరును నడువలేదు. తుదివరకు మంచముననే యుండువారికి శుభ్రమైన పడక, నొప్పికి మందు, దగ్గర కూర్చుండు మనిషి కావలెను. కాని ఎవరు లేవగలరో, ఎవరు లేవలేరో వయస్సును చూచి తీర్పు చెప్పరాదు. మనిషిని చూచి చెప్పవలెను. "ఇక ఏమి చేయగలము?" అను మాట నోటికి వచ్చినప్పుడు, "ఏమేమి చేసి చూచితిమి?" అని ముందు మనలను మనము అడుగుకొందము గాక.