నేరము, వార్తాసాధనములు : విజయవాడ

కృష్ణాతీరమునందలి పత్రికలు నేరవార్తలకై పుట్టినవి కావు. 1902లో బందరున వెలసిన కృష్ణాపత్రిక జాతీయోద్యమమునకును, 1952లో విజయవాడనుండి దినపత్రికగా వెలువడిన విశాలాంధ్ర కమ్యూనిస్టు రాజకీయములకును అంకితమైనవి. 1960లో ఆంధ్రజ్యోతి వెలువడునాటికి నగరము తెలుగు పత్రికారంగమునకు ముఖ్యస్థానమయ్యెను.

నగరమునకు రౌడీయిజమను అపకీర్తి వర్గకక్షలవలన వచ్చినది. దానిని ఊరూరికి మోసినది మాత్రము చలనచిత్రము. 1988 డిసెంబరు 26న, నిరాహారదీక్షలోనున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హతుడు కాగా, చెలరేగిన దహనకాండను అణచుటకు కర్ఫ్యూ విధింపవలసివచ్చెను. పదినెలలు తిరుగకమునుపే, ఈ నగరమున ఇంజనీరింగు చదివిన రామగోపాలవర్మ ‘శివ’ విడుదలయై, సైకిలుచెయినును ఆయుధముగా యావదాంధ్రమునకు చూపినది. 2011లో ‘బెజవాడ రౌడీలు’ అను చిత్రము పేరుపై అభ్యంతరములు రాగా ‘బెజవాడ’ అని కుదించిరి. ఊరిపేరు మిగిలి రౌడీలు తొలగుట ఊరికి మేలో కీడో చెప్పజాలము.

1989లో ఈనాడు జిల్లా అనుబంధములను ప్రారంభించుటతో, దినదినము పుటలు నింపవలసిన స్థానిక విలేకరికి పోలీసుఠాణా తరుగని ఆకరమైనది. బల్లపై రికవరీ నగలు, కుర్చీలలో అధికారులు, వెనుక ముసుగులతో నిందితులు: ఈ ఛాయాచిత్రమును చూచిన పాఠకునికి న్యాయస్థానముతో పని మిగులదు.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నపు వసతిగృహమున విద్యార్థినిపై అత్యాచారము, హత్య జరిగిననాటికి, రేయింబవళ్లు నడచు వార్తాచానళ్లు వచ్చియుండెను. ప్రతిరాత్రి ‘హంతకు డెవరు?’ అను ప్రశ్న వినబడుచుండగా, 2008 ఆగస్టులో ఒక యువకుని నిర్బంధించిరి. 2010లో విజయవాడ మహిళాన్యాయస్థానము అతనిని శిక్షింపగా, 2017 మార్చి 31న ఉన్నతన్యాయస్థానము నిర్దోషి యనెను; అప్పటికి అతనికి ఎనిమిదేండ్లకుపైగా చెరసాలలో గడచినవి. అయినను నింద నంతయు వార్తాసాధనములపై మోపుట అన్యాయము: అతడు నేరస్థుడు కాడని మృతురాలి తల్లిదండ్రులే చెప్పిన మాటను ప్రజలకు వినిపించినవియు అవియే. 2018లో దర్యాప్తు సి.బి.ఐ.కి చేరెను.

వార్తాసాధనముల అసలు దోషము వేరొకటి. అత్యాచారబాధితురాలి పేరు ప్రకటింపరాదని 1983లోనే భారతశిక్షాస్మృతిలో 228-ఎ సెక్షను చేరినను, ఈ కేసును పత్రికలు, చానళ్లు మృతురాలి పేరుతోనే వ్యవహరించినవి. మరణించినవారికిని ఈ రక్షణ వర్తించునని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న స్పష్టపరచెను. 2024 జూలై 1నుండి ఆ నిబంధన భారతీయ న్యాయసంహిత 72వ సెక్షనుగా అమలునందున్నది.