39 అంకెల సంఖ్య, ఒక పెద్దాయన మాట

చదరంగం పలక, ధాన్యం గింజల కథ మనలో చాలామంది విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళు నింపాలి. అదే పలకకు 127 గళ్ళుంటే మొత్తం గింజలు ఇన్ని:

170141183460469231731687303715884105727

ఇందులో 39 అంకెలున్నాయి. ఇది ప్రధాన సంఖ్య. అంటే 1తో, తనతో తప్ప మరే సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక జాబితా ప్రకటించాడు. 257 గళ్ళ లోపు, ఏయే గళ్ళ లెక్కకు ప్రధాన సంఖ్య వస్తుందో అందులో చెప్పాడు. 31, 67, 127, 257 ఆ జాబితాలోవే. రుజువు మాత్రం ఇవ్వలేదు. 1772లో ఆయిలర్ 31ని సరిచూశాడు, నిజమే. మిగతా పెద్ద సంఖ్యలు ఆయన మాట మీదే ఇంకా వందేళ్ళు నిలిచాయి.

ఎందుకంటే సరిచూడటం అంత కష్టం. 39 అంకెల సంఖ్యను ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూడాలంటే 20 అంకెల సంఖ్యల దాకా పోవాలి. తరాలు గడిచినా తెమలదు.

1876లో ఫ్రాన్సులోనే ఎద్వార్ ల్యూకా అడ్డదారి కనిపెట్టాడు. తర్వాత 1930లో లేమర్ చక్కదిద్దిన రూపంలో అది ఇంత సులువు: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయాలి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్ళీ అదే పని. గళ్ళ లెక్క కన్నా రెండు తక్కువసార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. 5 గళ్ళకు వచ్చే 31తో చేసి చూడండి: 4, తర్వాత 14, తర్వాత 194లో శేషం 8, చివరికి 62లో శేషం సున్నా. మూడుసార్లతో తేలిపోయింది. 127 గళ్ళకైతే 125 సార్లు.

ల్యూకా తన పద్ధతితో 127 సరైనదని తేల్చాడు. 1951 దాకా, అంటే 75 ఏళ్ళు, మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అదే పెద్దది. అదే ల్యూకా 67 తప్పని కూడా చూపాడు. 1903లో అమెరికాలో కోల్ దాని కారణాంకాలు బయటపెట్టాడు: 193707721, 761838257287. తర్వాత 257 కూడా తప్పని తేలింది. 61, 89, 107 జాబితాలో ఉండాల్సినవి, మెర్సెన్ వదిలేశాడు.

మెర్సెన్ అబద్ధాలకోరు కాదు, మహాపండితుడు. అయినా ఆయన మాటలో కొంత నిలిచింది, కొంత పోయింది. ఏది ఏదో లెక్క చేసినవాళ్ళే చెప్పగలిగారు.

మన సంఘాల సావనీర్లలో మన పూర్వీకులు ఎప్పుడు, ఏ రాజు కాలంలో ఇక్కడికి వచ్చారో ప్రతిసారీ రాసుకుంటాం. అది నిజమే కావచ్చు. కానీ మీ ఇంటి పెట్టెలో పాత దస్తావేజో, గుడి లెక్కల పుస్తకమో ఉంటే ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మనమూ ఒకసారి సరిచూసుకుందాం.