శరణాలయం కాదు, మెట్రిక్

మన సంస్కరణ చరిత్రలో ఒంటరి స్త్రీకి రెండే దారులు కనిపిస్తాయి: పునర్వివాహం, లేదా శరణాలయం. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో జరిపించిన తొలి వితంతు వివాహం గురించి చదవని వాళ్ళుండరు. దుర్గాబాయి వేసిన మూడో దారి గురించి అంతగా మాట్లాడుకోం.

ఎనిమిదో ఏట జరిగిన పెళ్ళిని కాదనుకున్న మనిషి ఆమె. మద్రాసులో తన ఇంట్లోనే ఆడపిల్లలకి బెనారస్ మెట్రిక్ పాఠాలు చెప్పింది. 1937 నాటి ఆంధ్ర మహిళా సభకి ఆ పాఠాలే మొదలు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలయ్యాక, 1958లో అదే ఆలోచన పథకమైంది. భర్త పోయినవాళ్ళూ, వదిలేసినవాళ్ళూ రెండేళ్ళలో మెట్రిక్ పాసై ఉద్యోగాల్లో చేరొచ్చు.

దీన్నీ ‘సేవ’ ఖాతాలోనే వేశాం. నాకా మాటతో ఇబ్బంది. సేవ పొందిన మనిషి కృతజ్ఞత చూపాలి. పరీక్ష పాసైన మనిషికి ఆ బాధ్యత లేదు కదా!

బోర్డుని 2022లో మూసేశారు. నేను వెతుకుతున్నది ఆ పుస్తకాలు పట్టుకున్న స్త్రీల కోసం. తొలి బ్యాచీల వాళ్ళకి ఇప్పటికే ఎనభై దాటి ఉంటాయి.