ఉక్కునగరం – ఓడకిరాయి

సముద్రయాన చరిత్ర అనగానే రేవుపట్టణాలు స్ఫురించడం సహజం. మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి, విశాఖపట్నం వంటి పేర్ల సరసన జంషెడ్‌పూర్ పేరు చేర్చడం మొదట వింతగా తోచవచ్చు. దల్మా కొండల చేరువలో, సువర్ణరేఖా ఖర్‌కాయి నదుల సంగమస్థానంలో వెలసిన ఈ ఉక్కునగరానికి ఓడ వచ్చే దారి లేదు. అయినప్పటికీ ఈ పట్టణానికి ఎవరి పేరు పెట్టారో ఆ మహనీయుని జీవితంలోనూ, ఇక్కడ స్థిరపడిన తెలుగువారి వలస చరిత్రలోనూ సముద్రానికి ముఖ్యమైన స్థానమే ఉన్నది. ఓడ ఎవరిది, దాని కిరాయిని నిర్ణయించే అధికారం ఎవరిది అనే ప్రశ్న ఈ రెండు కథలనూ కలిపే సూత్రం.

ఈ ప్రాంతానికి సముద్రంతో సంబంధం కొత్తగా ఏర్పడినది కాదు. జంషెడ్‌పూర్‌ను ఒరుసుకొని ప్రవహించే సువర్ణరేఖ బంగాళాఖాతంలో కలిసే చోటికి సమీపంలో పిప్లీ అనే రేవు ఉండేది. పదిహేడవ శతాబ్దంలో పోర్చుగీసు, డచ్చి, ఆంగ్ల వర్తకులు అక్కడ వ్యాపారం సాగించారు. కాలక్రమాన ఇసుక మేటలు వేసి ఆ రేవు క్షీణించింది. అంతకు పూర్వం, నేటి తమ్లుక్ ప్రాంతంలో, తామ్రలిప్తి మహారేవుగా వర్ధిల్లింది. చైనా యాత్రికుడు ఫాహియాన్ అయిదవ శతాబ్ది ఆరంభంలో అక్కడే ఓడనెక్కి పద్నాలుగు రోజులకు సింహళం చేరుకున్నాడు. ఆ రేవు పేరులోని తామ్రానికీ, ఘాట్‌శిల పరిసరాలలోని సింగ్‌భూమ్ రాగి గనులకూ సంబంధం ఉండవచ్చునని చరిత్రకారులు ఊహించారు.

సముద్రవాణిజ్యంలో రాజ్యం నిర్వహించవలసిన పాత్ర ఎట్టిదో తెలుగుదేశం చాలాకాలం క్రిందటే చాటింది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా హరించేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పించి, ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యవ వంతు సుంకం మాత్రమే నిర్ణయించాడు. సముద్రం మీద సాహసించేవానికి ఒడ్డున న్యాయం దొరకాలన్నది ఆ శాసనంలోని అంతరార్థం. ఆరున్నర శతాబ్దాల తరువాత ఇదే న్యాయాన్ని కోరి పోరాడినవారు జంషెడ్జీ టాటా.

నాగపూరులో 1877లో ఎంప్రెస్ మిల్లును ప్రారంభించిన జంషెడ్జీకి చైనా, జపాన్ దేశాలతో నూలు, ప్రత్తి వ్యాపారం ఉండేది. బొంబాయి నుండి ఆ దేశాలకు సరుకు చేరవేసే పని పి. అండ్ ఓ. అనే బ్రిటిష్ కంపెనీ ప్రాబల్యంలో ఉన్నది. కిరాయి భారం భరింపరానిది కావడంతో ఆయన 1893లో జపాను వెళ్లి నిప్పన్ యూసెన్ కైషా అనే నౌకా కంపెనీతో ఒడంబడిక చేసుకున్నారు. ఆ ఏడాదే యొకోహామా నుండి వాంకూవరుకు సాగిన ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ ఓడలో వివేకానందస్వామి ఆయనకు సహయాత్రికులు. 1898 నవంబరు 23న స్వామికి రాసిన లేఖలో జంషెడ్జీ ఆ ప్రయాణాన్ని స్మరించారు.

బాడుగ ఓడలతో ‘టాటా లైన్’ మొదలైంది. వెంటనే పి. అండ్ ఓ. కిరాయిని టన్నుకు రూపాయిన్నర స్థాయికి దించివేసింది. పోటీదారు నశించేవరకు నష్టం భరించి, పిదప రేటు పెంచుకోవడం ఆ వ్యూహం. మన వర్తకులలో పలువురు చవక కిరాయికి ఆశపడి అటు మొగ్గారు. జంషెడ్జీ కరపత్రం ప్రకటించారు, ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు, ఫలితం లేకపోయింది. కొద్దికాలంలోనే టాటా లైన్ మూతపడింది. జపాను కంపెనీ మాత్రం నిలిచింది. అక్కడి నూలు మిల్లుల యజమానులు తమ ప్రత్తిని ఆ ఓడలలోనే తెప్పించుకుంటామని మాట ఇచ్చి నిలుపుకున్నారు. 1896లో ఆ దేశప్రభుత్వం నౌకాయాన ప్రోత్సాహక చట్టం చేసింది. ఒకే సముద్రం మీద, ఒకే శత్రువుతో పోరాడిన ఇద్దరిలో వెనుక రాజ్యం అండ ఉన్నవారు గెలిచారు.

జంషెడ్జీ 1904లో కీర్తిశేషులయ్యారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చీ గ్రామంలో 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి పట్టాలు ఓడలకెక్కి మెసపొటేమియా, పాలస్తీనా రంగాలకు వెళ్లాయి. ఆ సేవకు గుర్తింపుగా 1919 జనవరి 2న వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరుపెట్టాడు. అదే ఏడాది ఏప్రిల్ 5న సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. ఆ తేదీ నేడు జాతీయ నౌకాదినోత్సవం. సింధియాకూ కిరాయిల యుద్ధం తప్పలేదు. 1923లో పరిమితులకు ఒప్పుకొని తీరవాణిజ్యంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇదే కాలంలో ఉత్తర కోస్తా జిల్లాల తెలుగు శ్రామికుని ముందు రెండు దారులుండేవి. ఒకటి బెంగాల్ నాగపూర్ రైలెక్కి ఉక్కునగరానికి పోయేది. రెండవది విశాఖ, కాకినాడ రేవులలో ఓడెక్కి రంగూనుకు పోయేది. ఆ రంగూను ఓడలను ప్రధానంగా నడిపిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1914లో పి. అండ్ ఓ.తో ఏకమైనది. టాటా లైన్‌ను ముంచిన సంస్థ గొడుగు క్రిందనే మన కూలీలు ఓడ పైతట్టు మీద ఎండకూ వానకూ ఓర్చి ప్రయాణించారు. బర్మాలో వారిని ‘కొరంగీలు’ అన్నారు. ఆ పేరు మన కోరంగి రేవుదే. 1930 మే నెలలో రంగూను రేవుకూలీల సమ్మె అనంతరం చెలరేగిన అల్లర్లలో తెలుగువారు బలయ్యారు. 1942లో జపాను దండయాత్రవేళ వేలాదిమంది అడవిదారిన కాలినడకన తిరిగివచ్చారు. రైలెక్కినవారి సంతతి మాత్రం జంషెడ్‌పూర్‌లో గుడులు, బడులు కట్టుకొని స్థిరపడింది.

సింధియా అధినేత వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదల ఫలితంగా 1941 జూన్ 21న విశాఖలో నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడి పని కుంటుపడింది. స్వాతంత్ర్యానంతరం 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ ‘జల ఉష’ను జలప్రవేశం చేయించారు. 1952లో ప్రభుత్వం అధిక భాగస్వామ్యం వహించగా ఆ కేంద్రం హిందుస్థాన్ షిప్‌యార్డుగా రూపొందింది.

జల ఉష నీటిలో దిగిన నాటికి టాటా లైన్ ఆగిపోయి అర్ధశతాబ్ది దాటింది. జంషెడ్జీకి ధనం కొరవడలేదు, ధైర్యమూ కొరవడలేదు. మోటుపల్లిలో కాకతీయ ప్రభువు పరదేశి వర్తకునికి సైతం ఇచ్చిన అభయం ఆయనకు స్వదేశంలో లభించలేదు. ఉక్కుతో ఓడను నిర్మించవచ్చు; ఆ ఓడ సముద్రం మీద నిలవడానికి న్యాయమైన శాసనం కూడా కావాలి. రేవుకు దూరంగా ఉన్న జంషెడ్‌పూర్ చరిత్ర నౌకాయానం గురించి మనకు చెప్పే పాఠం ఇది.